ఒక రోజు సెలవు దాచుకున్నాను

పండక్కి ఊరెళ్లి వచ్చినవాళ్లని ఆఫీసులో ఇట్టే గుర్తుపట్టొచ్చు. కళ్లలో నిద్ర, చేతిలో స్టీలు డబ్బా. మూత తీస్తే ఏ వైపు వాళ్లో కూడా చెప్పేయొచ్చు. సకినాలైతే కరీంనగర్, వరంగల్ వైపు. పూతరేకులైతే ఆత్రేయపురం చుట్టుపక్కల. అరిసెలు మాత్రం ఎవరివైనా కావచ్చు.

నాది అరిసెల డబ్బానే. కాకపోతే మూత తీయగానే పక్క సీటాయన ముక్కు చిట్లించి “ఇదేంటండీ, చేపల వాసన?” అన్నారు. తప్పు అరిసెలది కాదు. అదే సంచిలో అమ్మ పెట్టిన ఎండు రొయ్యల పొట్లానిది. విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా బస్సులో అందరూ ఆ పొట్లం ఎవరిదా అని వెతుకుతూనే ఉన్నారు. నేనూ వాళ్లతోపాటు వెతికినట్టు నటించాను.

మాది నాగాయలంక. విజయవాడలో బస్సెక్కి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి దాటాలి. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. అక్కడ అక్విడక్టు మీదుగా కాలవ నది పైనుంచి పోతుంది. “కింద నీళ్లు, పైన నీళ్లు” అని మా వాడు ప్రతిసారీ కిటికీలోంచి అరుస్తాడు. అవనిగడ్డ వచ్చాక కూడా ఇంకా ముందుకెళ్తే మా ఊరు. అక్కడ కృష్ణ ఒడ్డు. నది అవతల ఎదురుమొండి లాంటి దీవులు, మడ అడవులు, ఆపైన సముద్రం. మాకు రైలు లేదు. నదికి అటు రేపల్లె దాకా వస్తుంది, ఇటు బందరు దాకా వస్తుంది. మధ్యలో ఉన్న మా దివిసీమకి మాత్రం రాలేదు.

అందుకని మాకు పండగ నవంబరులోనే మొదలవుతుంది. రైళ్లలో ముందస్తు రిజర్వేషను గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల బదులు 60 రోజులైంది. అంటే సంక్రాంతికి విజయవాడ దాకా బెర్తు కావాలంటే నవంబరు రెండో వారంలో పొద్దున్న ఎనిమిది గంటలకి ఫోను పట్టుకుని కూర్చోవాలి. కూర్చున్నాం. మా ఆయన ఒక ఫోనులో, నేను ఒక ఫోనులో. ఎనిమిదింబావుకి ఇద్దరికీ వెయిటింగ్ లిస్టే మిగిలింది. చివరికి బస్సే గతి అయింది. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లను ఏటా టీవీలో చూస్తుంటారు కదా, ఆ కార్ల మధ్య ఇరుక్కున్న బస్సులో మేమూ ఉన్నాం.

ఇక సెలవుల లెక్క. పెళ్లయిన ఆడపిల్లకి ఇది పదో తరగతి లెక్కల పరీక్ష కంటే కష్టం. అత్తగారింటికి ఎన్ని, పుట్టింటికి ఎన్ని, ప్రయాణాలకి ఎన్ని? నాకు దొరికినవి ఎనిమిది రోజులు. భోగికి ముందు రెండు రోజులు అత్తగారి ఊళ్లో. భోగి పొద్దున్నకి నాగాయలంక. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ అమ్మ దగ్గర. మర్నాడు తిరుగు ప్రయాణం. ఇక్కడికి ఏడు రోజులు. మరి ఎనిమిదో రోజు?

దాన్ని దాచుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. అమ్మకి అసలే చెప్పలేదు.

ఎందుకని అడిగితే మీలో సగంమంది నా తరఫునే మాట్లాడతారని నా నమ్మకం. వారం రోజుల బట్టలు ఉతకాలి. ఫ్రిజ్‌లో ఏం పాడైందో చూడాలి. పిల్లవాడి హోంవర్కు పూర్తి చేయించాలి. అన్నింటికంటే ముందు నిద్రపోవాలి. సెలవు నుంచి కోలుకోవడానికి ఒక రోజు సెలవు కావాలి. గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న “ఎప్పటిదాకా ఉంటారే?” అనే. “ముక్కనుమ దాకా అమ్మా. అది అయిన మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి. మర్నాడు డ్యూటీ” అన్నాను. తడుముకోకుండా చెప్పాను. విలేకరి ఉద్యోగంలో నిజాలు రాయడం నేర్పుతారు గానీ, అబద్ధం ఆడటం ఎవరూ నేర్పనక్కర్లేదు.

నాన్న పోయాక ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. హైదరాబాద్ రమ్మంటే “అక్కడ గాలి ఎటు వీస్తోందో తెలియదు” అంటుంది. నలుగురం వచ్చేసరికి నాలుగు రోజులూ పొయ్యి ఆరలేదు. భోగి నాడు తెల్లవారుజామున నాలుగింటికే లేచింది. సాయంత్రం మా వాడికి భోగిపళ్లు. సంక్రాంతికి పరమాన్నం, పులిహోర, అరిసెలు. కనుమకి గారెలు, కోడికూర. కనుమ నాడు మినుము తినాలని మా వైపు సామెత.

మా ప్రాంతంలో మినుముకి ఆ గౌరవం ఊరికే రాలేదు. ప్రకాశం బ్యారేజీ నుంచి బయల్దేరిన కాలవ నీళ్లు అందరి పొలాలూ తడిపి చిట్టచివరికి మా శివారు భూములకి చేరతాయి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ, దాని స్థానంలో 1957లో బ్యారేజీ వచ్చాక కూడా, చివర ఉన్నవాడికి నీరు చివరే. అలాంటి నేలలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు చేలో పదునుండగానే మినుము చల్లుతారు. వరి కోశాక ఆ మోళ్ల మధ్యనే, నేలలో మిగిలిన తేమతో, రాత్రి కురిసే మంచుతో మొక్క పెరుగుతుంది. ఖర్చు తక్కువ. తుపాను వరిని తినేసిన ఏడాది రైతుని కాసేది ఆ మినుమే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను కోతకొచ్చిన వరిని ఎలా నేలకి పరిచిందో ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

కనుమ నాటి గారెల దగ్గర ఒక తమాషా జరిగింది. అమ్మ చేసే గారెకి చిల్లు అచ్చం మధ్యలో ఉండేది. కొలబద్ద పెట్టినా తేడా రాదు. ఈసారి చిల్లు ఒక పక్కకి పోయింది. మా వాడు ఒకటి తీసి కంటికి పెట్టుకుని “అమ్మమ్మా, ఇది మెల్లకన్ను గారె” అన్నాడు. అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. పులిహోరలో ఉప్పు రెండుసార్లు పడింది. దానికీ నవ్వాం. ఇవెందుకు చెబుతున్నానో తర్వాత చెబుతాను.

ఆ సాయంత్రం వాణ్ణి తీసుకుని శ్రీరామ పాదక్షేత్రం ఘాటుకి వెళ్లాను. 2016 పుష్కరాల్లో కాలు పెట్టడానికి చోటు లేని మెట్లు. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలు సెల్ఫీలు తీసుకుంటున్నారు. మా ఊరి దగ్గర కృష్ణ సగం నది, సగం సముద్రం. పోటు వస్తే నీళ్లు పైకెక్కుతాయి, ఆటుకి దిగిపోతాయి. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన నన్ను గుర్తుపట్టి “ఎన్నాళ్లు సెలవమ్మా?” అన్నాడు. చెప్పాను. “మరి మీకు సెలవులెప్పుడు బాబాయ్?” అని అడిగాను. నవ్వాడు. “మాకు గవర్నమెంటోళ్లే ఇస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా.”

తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేటకి ఏటా విధించే 61 రోజుల నిషేధం అది. సముద్రానికి వెళ్లేవాళ్లకి రెండు నెలల సెలవు, జీతం లేని సెలవు. ప్రభుత్వం ఇచ్చే భృతి కోసం ఎదురు చూస్తూ వలలు బాగుచేసుకునే సెలవు. నా ఎనిమిదో రోజు గుర్తొచ్చి ఎందుకో కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

మనకి ఆదివారం సెలవు కూడా ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు. బొంబాయి మిల్లుల్లో వారమంతా పనిచేసే కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే 1890లో వాళ్లకి వారానికో రోజు దక్కింది. ఆదివారం పూట ఈ పేజీ మీరు తీరిగ్గా చదువుతున్నారంటే ఆయనకీ కొంత రుణపడి ఉన్నాం. అయితే లోఖండే గారి లెక్కలోకి కూడా రాని మనిషి ఒకరుంటారు. ఆ మనిషి అదే కనుమ సాయంత్రం ఇంట్లో పొయ్యి ముందు నిలబడి, తర్వాత వాయ గారెలు వేస్తోంది. “ఘాటుకి రామ్మా” అంటే “మీరెళ్లి రండి, నేను రోజూ చూసే నదేగా” అంది.

ముక్కనుమ రాత్రి మూటలు కట్టడం మొదలైంది. అరిసెలు, సున్నుండలు, కొత్త మినుములు, నెయ్యి సీసా, గోంగూర పచ్చడి, ఇందాకటి ఎండు రొయ్యలు. గోనెసంచి మూతి కుట్టడానికి సూది తెచ్చి “దారం ఎక్కించరా నాన్నా” అని మా వాణ్ణి పిలిచింది. వాడు దారం ఎక్కిస్తూ ఎక్కిస్తూ అన్నాడు: “అమ్మమ్మా, ఎల్లుండి కూడా అమ్మకి సెలవే. ఇంట్లో పడుకుంటానని నాన్నతో చెప్పింది.”

నేను గదిలో బట్టలు మడుస్తున్నాను. చెయ్యి ఆగిపోయింది.

అమ్మ సూది అందుకుని “పడుకోవద్దూ మరి? ఎంత దూరం ప్రయాణం, ఒళ్లు హూనమైపోదూ” అంది. అంతే. గొంతులో ఏ తేడా లేదు. నేను విననట్టే ఇంకో రెండు చొక్కాలు మడిచాను.

మర్నాడు పొద్దున్న బస్సెక్కేటప్పుడు “వెళ్తున్నామమ్మా” అని నోరుజారాను. “వెళ్లొస్తామను” అని సరిదిద్దింది. ఈ మాట దగ్గర మా అమ్మ చాలా పట్టుదల మనిషి. దానికి కారణం ఉంది.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ మీదికి ఉప్పెన వచ్చిన రోజు. అప్పటికి అమ్మకి పదిహేనేళ్లు. వాళ్ల మేనమామ ఆ పొద్దున్న పనిమీద సొర్లగొంది వైపు వెళ్తూ “వెళ్తున్నానే” అని గుమ్మం దిగాడట. సాయంత్రానికి గాలి మొదలైంది. సముద్రం పదిహేను అడుగులకి పైగా లేచి ఊళ్ల మీద పడింది. పది వేలమందికి పైగా పోయారు. మా మండలంలో సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మేనమామ ఎక్కడున్నాడో, ఎక్కడి దాకా వెళ్లాడో చెప్పేవాళ్లు లేరు. వారం రోజులు ఇంట్లో అందరూ ఎదురుచూశారు. ఇవాళ తుపాను పుడుతుండగానే ఫోన్లకి హెచ్చరికలు వస్తున్నాయి, షెల్టర్లున్నాయి. ఆ రోజు అవేవీ లేవు.

అమ్మ ఈ కథ చెప్పేది తక్కువ. కానీ మేం బస్సెక్కితే చాలు, ఫోను మోగుతూనే ఉంటుంది. “అవనిగడ్డ దాటారా?” “పామర్రు వచ్చిందా?” “బెజవాడలో బస్సు దొరికిందా?” “సూర్యాపేటలో ఏం తిన్నారు?” ఎల్బీనగర్‌లో దిగేదాకా ఇదే వరస. పక్కవాళ్లు నవ్వుతారని ఒకప్పుడు విసుక్కునేదాన్ని. ఆమెకి కావలసింది కబుర్లు కాదని, మనిషి ఏ చోట ఉందో తెలియడం మాత్రమేనని ఆలస్యంగా అర్థమైంది.

ఇక నేను దాచుకున్న ఎనిమిదో రోజు. తొమ్మిదిన్నరకి లేచాను. వాషింగ్ మెషీన్ మొదటి విడత తిప్పుతోంది. ఫ్రిజ్‌లో పెరుగు సంగతి చెప్పక్కర్లేదు. కాఫీ కలుపుకుని కూర్చునేసరికి పదకొండయింది. ఫోను మోగింది. అమ్మ.

మామూలుగా అమ్మ ఆ వేళ చెయ్యదు. ఆఫీసులో ఉంటానని రాత్రి ఎనిమిది తర్వాతే చేస్తుంది.

“ఏం చేస్తున్నావే?”

డ్యూటీలో ఉన్నానని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా మెషీన్ బీప్ బీప్‌మంది. “ఇంట్లోనే ఉన్నానమ్మా” అన్నాను.

“తెలుసులే. అందుకే ఇప్పుడు చేశాను. నిద్ర సరిపోయిందా?”

“అది కాదమ్మా, బట్టలూ అవీ ఉంటే…”

“నేనేమన్నా అన్నానా? నువ్వు ఇంకో రోజున్నా ఏం చేసేదాన్ని? ఇంకో వాయ గారెలు వేసేదాన్ని. పండగనాడు నీతో మాట్లాడటానికి నాకు మాత్రం ఎక్కడ కుదిరిందే?” కాసేపు ఆగింది. “ఒక మాట చెప్పాలి. అక్కడ చెబుదామనుకున్నాను. పండగ పూట ఎందుకులే అని ఊరుకున్నా. కంట్లో శుక్లం ముదిరిందన్నారు డాక్టరుగారు. కుడికన్ను. ఆపరేషన్ చేయించుకోవాలట. తోడుగా ఒక మనిషి ఉండాలన్నారు.”

మెల్లకన్ను గారె, రెండుసార్లు పడిన ఉప్పు, సూదిలో దారం. అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకి వచ్చాయి. నాలుగు రోజులు ఆ ఇంట్లోనే ఉన్నాను. పదిమందిని కలిసి, వివరాలు రాబట్టి కథనాలు రాయడం నా ఉద్యోగం. ఆ నాలుగు రోజుల్లో చూసిందేమిటయ్యా అంటే, గారెలు చూసి నవ్వాను.

“ఎన్నాళ్లయిందమ్మా డాక్టరు చెప్పి?”

“దసరాల ముందు. కంగారేం లేదులే. మీ తమ్ముడికి సెలవు దొరకదు. నీకు ఎప్పుడు వీలైతే అప్పుడే.”

నేను ఒక రోజు దాచాను. ఆవిడ మూడు నెలలకి పైగా దాచింది. నాది నా నిద్ర కోసం. ఆవిడది మా పండగ కోసం.

ఫోను పెట్టేసే ముందు ఇంకో మాట అంది. “ఆపరేషనొక్కదానికే రాకు. ఒక రోజు ముందే రా. పండగా పబ్బం లేనప్పుడు రా. పిల్లాడికి బడి ఉంటుంది, వాణ్ణి వాళ్ల నాన్న చూసుకుంటాడు. పిండివంటలేం చెయ్యను. చారన్నం పెడతాను. ఘాటు దగ్గర కూర్చుందాం.”

ఘాటు దగ్గర కూర్చోవాలని ఆవిడకి ఉందన్న సంగతే నాకు తెలియదు. “నేను రోజూ చూసే నదేగా” అంటే నమ్మేశాను.

మన తెలుగులో సెలవు అనే మాట చిత్రమైనది. పని మానేస్తే సెలవు. వెళ్లడానికి అనుమతి అడిగితే సెలవు. పాత తెలుగులో దానికి ఖర్చు అనే అర్థం కూడా ఉంది. మనం మొదటి అర్థం ఒక్కటే పట్టుకుని, ఉన్న నాలుగు రోజుల్నీ పండగ తారీకుల మీద పెట్టేస్తాం. అందరూ ఒకే రోజు బయల్దేరతాం, ఒకే టోల్‌గేటు దగ్గర ఆగుతాం, ఇంటికి చేరగానే అమ్మని వంటింట్లోకి పంపి మనం పండగ చేసుకుంటాం. మళ్లీ ఒకే రోజు తిరిగొచ్చి “ఊరెళ్లొచ్చాం” అంటాం. పండగలకి వెళ్లొద్దని నేననను. మా వాడికి భోగిపళ్లు, గారెలు, పులిగడ్డ అక్విడక్టు గుర్తుండిపోవాలంటే వెళ్లాల్సిందే. కానీ ఒక్కసారి మీరూ లెక్క వేసి చూడండి. కిందటి పండక్కి మీ అమ్మగారు మీ పక్కన ఎంతసేపు కూర్చున్నారు? నేను వేశాను. నాలుగు రోజులకీ కలిపి గంట కూడా రాలేదు. అందులో పావుగంట సంచి మూతి కుడుతూ గడిచింది.

మర్నాడు డ్యూటీకి వెళ్లాను. అరిసెల డబ్బా మధ్యాహ్నానికే ఖాళీ అయింది. రొయ్యల వాసన గురించి ఫిర్యాదు చేసినాయనే రెండు ఎక్కువ తిన్నారు. పేరుకుపోయిన మెయిళ్లు, ఆలస్యమైన పేజీలు, “ఊళ్లో ఏంటి విశేషాలు?” అనే పలకరింపులు. ఎప్పుడూ “ఏముంటాయండీ, మామూలే” అనేదాన్ని. ఈసారి ఆ మాట నోట్లోంచి రాలేదు.

సాయంత్రం సెలవు చీటీ రాశాను. ఫిబ్రవరిలో మంగళవారం నుంచి శుక్రవారం దాకా. క్యాలెండరులో ఆ నాలుగు రోజుల్లో ఎక్కడా ఎర్ర అంకె లేదు. కారణం దగ్గర బుధవారానికి “అమ్మ కంటి ఆపరేషన్” అని రాశాను. మంగళవారం ఎందుకని మా ఇన్‌చార్జి అడిగారు.

“ఊరికే అండీ. అమ్మతో కూర్చోవడానికి” అన్నాను.

ఆయన ఒక నిమిషం నా వంక చూశారు. ఆయనది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. తల్లి ఆ ఊళ్లోనే ఉంటుంది. ఏమీ అనకుండా సంతకం పెట్టారు. నేను నా సీటు దగ్గరికి వచ్చి కూర్చునేసరికి, ఆయన గోడమీది క్యాలెండరు ఒక్కో పేజీ తిప్పి చూస్తున్నారు.

రాత్రి ఎనిమిదింటికి అమ్మకి ఫోన్ చేశాను. “మంగళవారం పొద్దున్నకి వస్తానమ్మా. శుక్రవారం బయల్దేరతాను. శనివారం డ్యూటీ.”

“నిజంగా శనివారమేనా?” అంది.

“నిజంగానే” అన్నాను.